అమ్మ ఎస్తర్‌... పిన్ని సోఫీ

మన దేశపు తొలి మిస్‌ ఇండియా ఒక యూదు తల్లి. ఆమె, ఆమె చెల్లెలు, చుట్టరికంలో అక్కచెల్లెలి వరసైన మరో అమ్మాయి... కలకత్తా ఇంటి గడప దాటి వెండితెర మీదికి నడిచిన ముగ్గురు ఆడపిల్లల కథ ఇది.

1947లో మొట్టమొదటి మిస్‌ ఇండియా కిరీటం తలకెత్తుకునేనాటికి ప్రమీలకు ముప్ఫై ఏళ్ళు. పెళ్ళయింది, ఇంట్లో పిల్లలున్నారు, అయిదో బిడ్డ కడుపులో ఉంది. ఇప్పటి అందాల పోటీల నిబంధనలు తెలిసినవాళ్ళకి ఇదంతా నమ్మబుద్ధి కాదు. సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, 1967లో, ఆమె కూతురు నఖీ జహాన్‌ ‘ఈవ్స్‌ వీక్లీ’ పత్రిక పోటీలో మిస్‌ ఇండియాగా నెగ్గింది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఆ బిరుదు అందుకున్న ఇల్లుగా వాళ్ళింటికి పేరొచ్చింది. ఇంతవరకూ క్విజ్‌ పోటీల పిల్లలకి కూడా తెలుసు.

తెలియనిదే ఎక్కువ. ప్రమీల అసలు పేరు ఎస్తర్‌ విక్టోరియా అబ్రహాం. కలకత్తాలో స్థిరపడిన బాగ్దాదీ యూదుల బిడ్డ. ఆమె చెల్లెలు సోఫీ కూడా ‘రోమిలా’ అన్న పేరుతో సినిమాల్లో చేసింది. వీళ్ళిద్దరికంటే ముందే ఆ దారి తొక్కిన బంధువుల అమ్మాయి రోజ్‌ మాత్రం రోజ్‌గానే ఉండిపోయింది. ఒక్క చిన్న సమాజంలో, ఒకే కుటుంబం నుంచి ముగ్గురు ఆడపిల్లలు 1930ల్లో సినిమాల్లోకి రావడం మాటలు కాదు. అప్పట్లో పరువుగల ఇళ్ళవాళ్ళు సినిమా చూడడానికే వెనకాడేవాళ్ళు.

ఈ కథని మనకి అందించింది ప్రధానంగా ఆ ఇంటి పిల్లలే. ప్రమీల కొడుకు హైదర్‌ అలీ పేరు మనవాళ్ళకి కొత్తేమీ కాదు. దూరదర్శన్‌లో ‘నుక్కడ్‌’ చూసినవాళ్ళకి ఆ ముఖం గుర్తుంటుంది. హృతిక్‌ రోషన్‌, ఐశ్వర్యా రాయ్‌ నటించిన ‘జోధా అక్బర్‌’ కథ ఆయనదే. హిందీ సినిమాలో యూదు తారల మీద ఆస్ట్రేలియా దర్శకుడు డానీ బెన్‌ మోషే ‘షాలోం బాలీవుడ్‌’ డాక్యుమెంటరీ తీసినప్పుడు, తల్లి సంగతులు కెమెరా ముందు చెప్పినవాళ్ళలో హైదర్‌ ఒకరు. అమ్మ కథ కొడుకు చెప్పకపోతే ఇందులో చాలా భాగం ఆమెతోనే పోయేది.

కలకత్తా ఇల్లు

సిరియాలోని అలెప్పో నుంచి షాలోం కోహెన్‌ అనే వర్తకుడు 1798లో కలకత్తా చేరాడు. ఆ నగరపు యూదు సమాజానికి ఆయనే మూలపురుషుడు. తర్వాత బాగ్దాద్‌, బస్రాల నుంచి వరసగా కుటుంబాలు వచ్చాయి. నీలిమందు, నల్లమందు, పత్తి, జనపనార... కలకత్తా రేవులో ఓడలెక్కిన సరుకుల్లో వీళ్ళ చెయ్యి తగలనిది తక్కువ. 1856లో బెత్‌ ఎల్‌ ప్రార్థనాలయం కట్టారు. 1884లో మాగెన్‌ డేవిడ్‌ వెలిసింది. ఎర్ర ఇటుకలు, ఎత్తైన గోపురంతో చర్చిలా కనిపించే ఆ మందిరం ఇవాళ్టికీ కలకత్తా బడాబజారు రద్దీలో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆడపిల్లల కోసం 1881లోనే ప్రత్యేకంగా బడి పెట్టుకున్నారు. మన ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం బాలికల చదువు కోసం ఊరితో పోరాడుతున్న కాలమది. ఈ తేదీ గుర్తుంచుకోవాలి. యాభై ఏళ్ళ తర్వాత ముగ్గురమ్మాయిలు సొంతకాళ్ళ మీద నిలబడ్డారంటే దాని వెనక ఇలాంటి బళ్ళు ఉన్నాయి.

ఎస్తర్‌ తండ్రి రూబెన్‌ అబ్రహాం వ్యాపారి. తల్లి మటిల్డా కరాచీ అమ్మాయి. రూబెన్‌ మొదటి భార్య పిల్లలు, మటిల్డా పిల్లలు కలిసి ఇల్లు నిండా జనమే. 1916 డిసెంబరు 30న పుట్టిన ఎస్తర్‌ చదువులోనే కాదు, ఆటల్లోనూ ముందుండేది. హాకీ బాగా ఆడేది. చదువయ్యాక కొంతకాలం టీచరుగానూ పనిచేసింది.

కలకత్తా యూదుల ఇళ్ళ గురించి చెప్పేటప్పుడు వంటింటి దగ్గర కాసేపు ఆగకపోతే ఎలా? వాళ్ళకి మాంసం, పాలు ఒకే భోజనంలో కలవకూడదు. అందుకని కూరల్లోకి పెరుగు, నెయ్యికి బదులు కొబ్బరిపాలు చేరాయి. బాగ్దాద్‌ వంట బెంగాల్‌ చేరి పసుపు, అల్లం, కొత్తిమీర నేర్చుకుంది. శుక్రవారం పొద్దుగుంకిందంటే మరునాడు చీకటిపడేదాకా పొయ్యి వెలిగించరు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నమంతా ఆ ఇళ్ళలో హడావిడే. వాళ్ళ పేరుమోసిన వంటకం ఆలూ మకల్లా. బంగాళాదుంపలు ఒకే పరిమాణంలో ఉన్నవి ఏరి, చెక్కుతీసి, ముక్కలు కోయకుండా పసుపు, ఉప్పు వేసిన నీళ్ళలో ఒక పొంగు రానిస్తారు. నీళ్ళు వార్చేసి, దుంపలు మునిగేటంత నూనెలో వేసి సన్నటి సెగ మీద వదిలేస్తారు. గంటా, గంటన్నరా ఎవరూ తొందరపడరు. చివర్లో మంట పెంచగానే పైపొర బంగారు రంగు తిరిగి పెంకులా గట్టిపడుతుంది. లోపల మాత్రం వెన్నే. ఫోర్కుతో గుచ్చబోతే పళ్ళెంలోంచి ఎగిరి పడుతుంది. ఆ ఇళ్ళ పిల్లలకి అదొక ఆట.

చాలా యూదు ఇళ్ళలో ఈ వంట చేసే చేతులు ముస్లిం వంటవాళ్ళవి. పంది మాంసం ఇద్దరికీ నిషిద్ధమే, జంతువుని కోసే పద్ధతుల్లోనూ పోలికలున్నాయి, అందువల్ల వంటగదిలో పేచీ రాలేదు. తండ్రి తర్వాత కొడుకు అదే ఇంట వంట చేసిన సందర్భాలున్నాయి. కలకత్తా యూదు ప్రార్థనాలయాలని తరాలుగా కనిపెట్టుకుని ఉన్నదీ ముస్లిం కుటుంబాలే. యూదుల పిల్లల కోసం పెట్టిన ఆ బాలికల బడిలో ఇప్పుడు చదువుతున్నవాళ్ళలో అత్యధికులు ముస్లిం అమ్మాయిలు. ఎస్తర్‌ ఒక షియా ముస్లింని పెళ్ళాడిందని చదివినప్పుడు ఇవాళ మనం ఉలిక్కిపడతాం. ఆమె పెరిగిన వాతావరణం తెలిస్తే అంత ఆశ్చర్యం అనిపించదు.

రీలు మారే పావుగంట

పదిహేడేళ్ళప్పుడు ఎస్తర్‌ ఇల్లు వదిలి బొంబాయి చేరి, ఊళ్ళు తిరిగే ఒక పార్సీ నాటక కంపెనీలో పని సంపాదించింది. ఆ కంపెనీ సినిమాలు కూడా వేసేది. ఒక్కటే ప్రొజెక్టరు. ఒక రీలు అయిపోయాక దాన్ని విప్పి, ఇంకో రీలు ఎక్కించి మళ్ళీ బొమ్మ పడేసరికి పావుగంట పట్టేది. చీకట్లో కూర్చున్న జనం ఊరుకుంటారా? ఈలలు, కేకలు. ఆ పావుగంటా వాళ్ళని కూర్చోబెట్టాల్సిన బాధ్యత ఎస్తర్‌ది. తెర ముందుకొచ్చి నాట్యం చేసేది. బొమ్మ మొదలవగానే పక్కకి తప్పుకునేది. మన టూరింగ్‌ టాకీసుల్లో రీలు రీలుకీ లైట్లు వేసిన రోజులు చూసిన పెద్దవాళ్ళకి ఈ దృశ్యం వెంటనే కళ్ళకి కడుతుంది. ఒక మంచి కుటుంబంలో పుట్టి, చదువుకుని, టీచరు ఉద్యోగం చేసిన పిల్ల ఆ గోలలో నిలబడి ఆడిందంటే ఎంత తెగువ కావాలి! ఆమె జీవితంలో కిరీటం కంటే ఈ పావుగంటలే నాకు గొప్పగా అనిపిస్తాయి.

అసలు సినిమాలోకి దారి చూపింది రోజ్‌. అప్పటికే బొంబాయి స్టూడియోల్లో రోజ్‌ నటిస్తోంది. ఆమె దగ్గరికి వెళ్ళొస్తుండగా ఎస్తర్‌ సినిమావాళ్ళ కళ్ళలో పడింది. కొల్హాపూర్‌లో తీసిన ‘భికారన్‌’ (1935)తో పరిచయమై ‘ప్రమీల’ అయింది. మనకైతే ప్రమీలార్జునీయం కథ నుంచి బాగా తెలిసిన పేరే. ఎస్తర్‌ నిలదొక్కుకున్నాక సోఫీకీ ఆ దారి దొరికింది. ముగ్గురిలో ప్రతి ఒక్కరికీ ముందు నడిచిన ఒక అక్క ఉంది, రోజ్‌కి తప్ప. అందుకే రోజ్‌ గురించి మనకి అంత తక్కువ తెలియడం బాధ కలిగిస్తుంది.

యూదు అమ్మాయిలే ఎందుకు?

దాదాసాహెబ్‌ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషానికి ఒక్క ఆడమనిషీ దొరకలేదు. చివరికి సాలుంకే అనే యువకుడు చీర కట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇదే తిప్పలు. ఆ ఖాళీని నింపడానికి ముందుకొచ్చినవాళ్ళలో ఆంగ్లో ఇండియన్లు, యూదు అమ్మాయిలు చాలామంది. వాళ్ళకి ఘోషా లేదు, చదువుంది, నలుగురిలోకి వెళ్ళి పనిచేసే అలవాటుంది. పుణేలో పుట్టిన రూబీ మైయర్స్‌ టెలిఫోన్‌ ఆపరేటరుగా చేస్తూ సినిమాల్లోకి వచ్చి ‘సులోచన’గా మూకీల మహారాణి అయింది. ‘వైల్డ్‌క్యాట్‌ ఆఫ్‌ బాంబే’ (1927)లో ఎనిమిది వేషాలు కట్టింది. బొంబాయి గవర్నరు కంటే ఆమె జీతమే ఎక్కువని జనం చెప్పుకునేవారు. టాకీలొచ్చాక హిందుస్తానీ రాక, కొంతకాలం ఆగి, భాష నేర్చుకుని తిరిగొచ్చింది. 1973 సంవత్సరానికి ఫాల్కే అవార్డు ఆమెకిచ్చారు. తొలి టాకీ ‘ఆలం ఆరా’ (1931)కి ఆధారమైన నాటకం రాసిన జోసెఫ్‌ డేవిడ్‌ కూడా యూదే.

తెలుగు సినిమాకి ఈ చిక్కు ఇంకో రకంగా తీరింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’ తీసేసరికి మనకి సురభి నాటక కుటుంబాలున్నాయి. అమ్మా, అత్తా, కూతురూ అందరూ వేషాలు కట్టే ఇళ్ళవి. లీలావతిగా సురభి కమలాబాయి వచ్చింది. కలకత్తా అక్కచెల్లెళ్ళు చేసిన పనినే ఇక్కడ ఒక నాటక సమాజం మొత్తం చేసింది. ఎక్కడైనా సరే, మొదటి ఆడపిల్ల వెనక మరో ఆడమనిషి అండ లేకుండా ఆ అడుగు పడలేదు.

ప్రమీల ఇంచుమించు ముప్ఫై సినిమాల్లో నటించింది. ‘బిజిలీ’, ‘జంగిల్‌ కింగ్‌’ లాంటివాటిలో సాహసాలు చేసే నాయిక. ‘ఉల్టీ గంగ’ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. బాంబే టాకీస్‌ వారి ‘బసంత్‌’ (1942)లోనూ ఉంది. తర్వాత మధుబాలగా వెలిగిన చిన్నారి ముంతాజ్‌ బాలనటిగా పరిచయమైంది ఆ సినిమాతోనే. రోమిలా నాయిక వేషాల కంటే నాట్యాలకి, కథలో చిచ్చుపెట్టే వేషాలకి ఎక్కువ పనికొచ్చింది. యూదు, ఆంగ్లో ఇండియన్‌ నటీమణులకి సినిమావాళ్ళు వేసిన ముద్ర ఇదే. గౌను వేసుకుని, సిగరెట్టు పట్టుకుని, మొగుడూపెళ్ళాల మధ్య దూరే పాత్రలు వీళ్ళకి రాసేవాళ్ళు. కాపురం నిలబెట్టే చీరకట్టు ఇల్లాలు మాత్రం వేరే ఉండాలి. బాగ్దాద్‌లో పుట్టిన ఫ్లారెన్స్‌ ఎజెకీల్‌, అంటే మన ‘నాదిరా’, ‘శ్రీ 420’లో ‘ముడ్‌ ముడ్‌ కే న దేఖ్‌’ పాటలో ఎంత గొప్పగా చేసిందంటే, ఆ తర్వాత జీవితాంతం ఆమెని అలాంటి వేషాలకే కట్టిపడేశారు. ఇది అన్యాయం. ప్రతిభకి మతాన్ని బట్టీ, ఒంటి రంగుని బట్టీ హద్దు గీసిన అన్యాయం.

ప్రమీల ఆ హద్దులోపల ఉండిపోలేదు. తెర వెనక్కి వెళ్ళింది. ‘సిల్వర్‌’ పేరుతో సొంత సంస్థ పెట్టి పదహారు సినిమాలు నిర్మించింది. మన దేశంలో చెప్పుకోదగ్గ స్థాయిలో సినిమాలు నిర్మించిన తొలి మహిళ ఆమేనని చరిత్రకారులు అంటారు. డబ్బు సమకూర్చుకోవాలి, నటులతో మాట్లాడాలి, పంపిణీదారులతో బేరాలాడాలి, పెట్టెలు ఊళ్ళకి పంపాలి. పిల్లల్ని పెంచుకుంటూ ఇవన్నీ చేసింది. మిస్‌ ఇండియా అన్న రెండు మాటలు ఇంత పనినీ మరుగున పడేశాయి.

మొఘలుల నీడ పడిన ఇల్లు

ప్రమీల తొలిపెళ్ళి నిలవలేదు. ఒక కొడుకు. 1939లో నటుడు కుమార్‌ని పెళ్ళాడింది. ఆయన అసలు పేరు సయ్యద్‌ హసన్‌ అలీ జైదీ. కలకత్తా న్యూ థియేటర్స్‌ ‘పూరన్‌ భగత్‌’ (1933)తో పేరు తెచ్చుకున్నవాడు. ‘మొఘల్‌ ఏ ఆజం’లో రాజుకి వెరవకుండా నిజం చెప్పే శిల్పి గుర్తున్నాడా? ‘జిందాబాద్‌ జిందాబాద్‌ ఏ మొహబ్బత్‌’ అంటూ రఫీ గొంతుతో పాడే ఆ శిల్పి ఈయనే. అక్బరు పాదుషాని ఎదిరించే వేషం తండ్రి కడితే, అక్బరు ప్రేమకథ కొడుకు రాశాడు. రెంటికీ మధ్య నలభై ఎనిమిదేళ్ళు.

యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదైతే బిడ్డా యూదే. ఇస్లాంలో తండ్రి మతం బిడ్డకి వస్తుంది. ఆ లెక్కన ప్రమీల, కుమార్‌ల పిల్లలు పుట్టుకతోనే రెండు మతాలకీ చెందినవాళ్ళు. పేర్లు ముస్లిం పేర్లు, అమ్మ మాత్రం చివరిదాకా యూదు బిడ్డే. 1948లో ఇజ్రాయెల్‌ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అయిదు వేల దాకా ఉన్న కలకత్తా యూదులు బ్రిటన్‌కి, ఆస్ట్రేలియాకి, కెనడాకి, ఇజ్రాయెల్‌కి తరలిపోవడం మొదలుపెట్టారు. ఇవాళ ఆ నగరంలో మిగిలింది ఇరవై మందికి అటూ ఇటూగా. ప్రమీల ఎక్కడికీ వెళ్ళలేదు.

ఎంతో ఇష్టపడి ఉండిపోయిన ఈ దేశం ఆమెని ఒకసారి అనుమానించింది. సినిమాల ప్రచారం కోసం ప్రమీల తరచూ పాకిస్తాన్‌ వెళ్ళొచ్చేది. బొంబాయి రాష్ట్రంలో మొరార్జీ దేశాయ్‌ అధికారంలో ఉన్న రోజుల్లో, గూఢచారిణి అన్న అనుమానంతో ఆమెని అరెస్టు చేశారు. వ్యాపారం పనిమీదే వెళ్ళిందని తర్వాత రుజువైంది. తల్లి పుట్టిల్లు కరాచీ, తను పుట్టింది కలకత్తాలో, బతికింది బొంబాయిలో. అప్పటిదాకా రైలెక్కితే చేరుకునే ఊళ్ళే ఇవన్నీ. నడుమ గీత గీసింది ఆమె కాదు, నిందపడింది మాత్రం ఆమె మీద.

1963లో కుమార్‌ పాకిస్తాన్‌ వెళ్ళిపోయాడు. ప్రమీల వెళ్ళలేదు. అప్పులు, పిల్లల చదువులు, ఇంటి బరువు ఎలా మోసిందో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. మనకి తెలిసింది ఇంతే: నాలుగేళ్ళు తిరిగేసరికి కూతురు మిస్‌ ఇండియా వేదికెక్కింది, ఆ తర్వాత కొడుకు నటుడూ రచయితా అయ్యాడు. ఏడాదీ అరా కాదు, దాదాపు సగం జీవితం ఆమె ఆ ఇంటికి ఒంటరిగా పెద్దదిక్కైంది. తన చివరి సంవత్సరంలో కూడా అమోల్‌ పాలేకర్‌ ‘థాంగ్‌’లో నటించింది. 2006 ఫిబ్రవరిలో నాదిరా పోయింది. అదే ఏడాది ఆగస్టు 6న, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, ప్రమీల కన్నుమూసింది. తొలినాళ్ళ యూదు తారల తరం ఆ రెండు చావులతో దాదాపు ముగిసింది.

ఇక సోఫీ, రోజ్‌? సినిమా గ్రంథాల్లో వాళ్ళకి ఒకటి రెండు వాక్యాల చోటుంది, అదీ ‘ప్రమీల చెల్లెలు’, ‘ప్రమీల బంధువు’ అని. నటించిన సినిమాలు చాలావరకు లేవు. ‘ఆలం ఆరా’ ప్రతే దేశంలో దొరకడం లేదు, మన ‘భక్త ప్రహ్లాద’ కూడా పోయింది. ఆనాటి నైట్రేట్‌ ఫిల్ము కొంత దానంతటదే మండిపోయింది, కొంత అందులోని వెండి కోసం కరిగిపోయింది. పుణేలో జాతీయ ఫిల్మ్‌ ఆర్కైవ్‌ మొదలైందే 1964లో. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇక మిగిలేది ఫొటో ఆల్బములు, ఇంటివాళ్ళ జ్ఞాపకాలు. ఒక అక్క ఇల్లు మాట్లాడింది కాబట్టి ఆమె బతికింది. మిగతా ఇద్దరికి ఆ అదృష్టం అంతగా పట్టలేదు.

తెలుగు ఇళ్ళలోనూ ఇలాంటి అమ్మలు, పిన్నులు, మేనత్తలు ఉన్నారు. 1930, 40ల్లో మద్రాసు, కలకత్తా, కొల్హాపూర్‌ స్టూడియోలకి రైలెక్కి వెళ్ళి బృందంలో నాట్యం చేసినవాళ్ళు, కోరస్‌ పాడినవాళ్ళు, ఒకటి రెండు సినిమాల్లో కనిపించి ఇంటికి తిరిగొచ్చి ఆ మాటే ఎత్తకుండా ఉండిపోయినవాళ్ళు. పరువు పోతుందని పిల్లలు దాచేసిన ఫొటోలు పెట్టెల అడుగున ఉన్నాయి. వాటిని బయటికి తీయండి. వెనకవైపు ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది పెన్సిలుతో రాయండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని అడిగి, ఫోనులో రికార్డు చేయండి. ఒక నకలు పుణే ఆర్కైవ్‌కో, దగ్గర్లోని విశ్వవిద్యాలయానికో పంపండి. ఈ పని ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.